కడపట మిగిలిన పిల్ల



గ్రామదేవత జాతరలో మేకపోతును నిలిపినంతనే కన్నులు మూసికొని యింటికి పరుగెత్తివచ్చుదానను నేను. అట్టి నేను, కత్తులతోను గొడ్డళ్లతోను మనుష్యులను నరకు చలనచిత్రములలో నేది మేలైనదని జరిగిన వాదమునకు న్యాయాధిపతినై కూర్చుంటినని చెప్పినచో మీరు నవ్వుదురు. నవ్వుడు; కాని తుదివఱకు చదివి నవ్వుడని నా మనవి. ఆ వాదమువలన మా యింటిలోనే, నా కన్నులయెదుటనే యున్న యొక సంగతి నాకు దెలిసివచ్చినది.

2023వ సంవత్సరమున నేను అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమందున్న మా అమ్మాయి యింటికి బోయి ఆఱు మాసము లుంటిని. ఆ యేట మన అట్లతద్దియు, అక్కడివారి హాలోవీను పండుగయు నించుమించుగా నొక్కసారి వచ్చినవి. హాలోవీను అక్టోబరు 31వ తేదీని జరుగును. అందుకు పదిపదునైదు దినములకు ముందునుండియే యిండ్ల ముంగిళ్లలో నెముకల గూడులు, చెట్లకు తెల్లగుడ్డల దయ్యములు, గుమ్మడికాయలకు కన్నులు ముక్కు దొలిచి లోపల దీపములు! మన గుమ్మములకు దిష్టి తీయుటకై వ్రేలాడు గుమ్మడికాయ అక్కడ తానే దయ్యమై మెట్లమీద గూర్చున్నది.

పండుగకు ముందటి శనివారము రాత్రి మా మనుమరాలును, దాని తమ్ముడును, వారి స్నేహితులిద్దరును ఇంటి బేస్‌మెంటులో జేరిరి. మనుమరాలికి పదునేడేండ్లు, మఱుసటి యేట కాలేజికి బోవలసినది. వాడు దానికంటె నొక యేడు చిన్న. పదునేడేండ్లు నిండనివారు పెద్దల తోడులేక యిట్టి చిత్రములను చూడరాదని అక్కడి సినిమాహాళ్ల నియమమట; ఆ పెద్దతోడు నేనైతిని. ఒక్కొక్కరు తమ కిష్టమైన చిత్రము నొకదానిని బేర్కొని వకీలువలె వాదింపవలెను. తుదకు నేను తీర్పు చెప్పవలెను. నే నేదియు చూడలేదు గనుక నాకు పక్షపాత ముండదట! 1985లో వంశీగారు తీసిన 'అన్వేషణ'ను జూచి, అడవిలోని హత్యలకు జడిసి వారము దినములు దీపమార్పనీయని సంగతి వారికి నేను చెప్పలేదు.

ఈ చిత్రములకు 'స్లాషర్' అని పేరు. ముసుగు దొడిగినవాడో, చాటున పొంచియున్నవాడో యొకడు పడుచువారిని ఒక్కరొక్కరిగా జంపుచు వచ్చును; కడపట నొక పిల్ల మిగులును. ఇదియే మూలకథ. 1960లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన 'సైకో' వీనికి పెద్దదిక్కట. కథానాయిక యని చూచువారెల్ల నమ్మిన స్త్రీయే అందు స్నానపుగదిలో నడుమనే హతమగును. ఆ చిత్రము నలుపు తెలుపులలో దీసినది గావున నెత్తురునకు బదులు చాక్లెటు పానకమును వాడిరని పిల్లలు చెప్పిరి. ఆ మాటతో నాకు సగము భయము దీరినది.

మొదట మనుమడు లేచెను. వానిది 1980 నాటి 'ఫ్రైడే ది థర్టీన్త్' పక్షము. అది న్యూజెర్సీలోనే, బ్లెయిర్స్‌టౌను ప్రాంతమున చెఱువుగట్టునున్న బాయ్‌స్కౌటుల శిబిరములో దీసిరి గనుక స్వరాష్ట్రాభిమానము చేతనైనను గెలిపింపవలెనని వాని వాదము. "అందులో హంతకు డెవరో చెప్పు, అమ్మమ్మా" అని వాడు నన్నడిగెను. జేసనను పేరు వారి నోటనే వినియుంటిని గనుక వాడే యంటిని. అందఱు ఘొల్లుమనిరి. ఆ మొదటి చిత్రమున హంతకురాలు జేసను తల్లి! కాపాడవలసినవారి యజాగ్రత్తచే తన బిడ్డ నీట మునిగెనని పగబట్టిన తల్లి. జేసను హంతకుడగుట 1981లో వచ్చిన రెండవ చిత్రమున. లోకమెఱిగిన హాకీ ముసుగు వానికి 1982 నాటి మూడవదానిలోగాని దొరకలేదు. 1996లో వచ్చిన 'స్క్రీమ్' అను చిత్రమున హంతకుడు టెలిఫోనులో నొక పిల్ల నీ ప్రశ్నయే యడుగునట. ఆమెయు నావలెనే పొరపడును. ఆ పొరపాటునకు ఫలితము ఘోరము. పిల్లలు చేయు నీ వాదమే యొక చిత్రమునకు కథయైనదని విని నాకు వింతయైనది.

స్నేహితులలో నొకడు 1974లో టోబ్ హూపర్ తీసిన 'టెక్సస్ చైన్ సా మాసకర్'ను బేర్కొనెను. చెట్లుకోయు రంపపుయంత్రముతో హత్యలని విన్నంతనే చెవులు మూసికొంటిని. కాని యందు నెత్తురు చూపినది మిక్కిలి తక్కువ యనియు, మిగిలినదెల్ల చూచువాని మనస్సే కల్పించుకొనుననియు వాడు చెప్పెను. రెండవ పిల్లది 1984లో వెస్ క్రేవెన్ తీసిన 'నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్'. ఆగ్నేయాసియానుండి శరణుజొచ్చి వచ్చిన కుటుంబములలో కొందఱు పడుచువారు నిద్రలోనే మరణించిరని పత్రికలలో జదివిన వార్తలు తనకు ప్రేరణ యని క్రేవెను చెప్పియున్నాడట. కలలోనికి వచ్చి చంపువాడొకడు. నిద్రించినచో చత్తునని నాన్సీ యను పిల్ల యెంత మొఱపెట్టినను తల్లి నమ్మదు. కూతును గాపాడుటకని కిటికీలకు కమ్ములు బిగించి తలుపునకు తాళము వేయును. శత్రువు లోపల, కూతురును లోపలనే!

ఇంతవఱకు విని నేనుండబట్టలేక "ఆడపిల్లలను కోస్తూ ఉంటే చూసి ఆనందించడం ఏం వేడుకర్రా?" అని కోపించితిని. మనుమరాలు నన్ను కాదనలేదు. 1980లో జీన్ సిస్కెల్, రోజర్ ఈబర్ట్ అను పేరుమోసిన విమర్శకు లిద్దరు తమ టెలివిజన్ కార్యక్రమములో నొకదానినంతయు నీ విషయమునకే వినియోగించి, స్త్రీ యాపదను జూపి సొమ్ము చేసికొను చిత్రములను గర్హించిరనియు, అయినను 1978 నాటి 'హాలోవీను'ను మాత్రము మెచ్చిరనియు చెప్పి, సాక్ష్యముగా ఆ చిత్రమునే వేసినది. సగము చెఱగు చాటుననుండియు, సగము వ్రేళ్లసందులనుండియు జూచితిని.

దాని దర్శకుడు జాన్ కార్పెంటర్. అతనితో గూడి కథ వ్రాసి, నిర్మించినది డెబ్రా హిల్ అను వనిత. ఆమె న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డున బెరిగినది. కథలోని యూరికి తన యూరిపేరే పెట్టినది. ఆడపిల్లల సంభాషణలను వ్రాసినది ప్రధానముగా నామెయే. చేత సొమ్ము తక్కువ. కాలిఫోర్నియాలో వసంతకాలమున దీయుచు, ఆకురాలు కాలమని నమ్మించుటకు కాగితపుటాకులకు రంగువేసి చల్లి, మరల నేరి సంచుల కెత్తుకొని తరువాతి తావున చల్లెడివారట. గృహిణికి దెలియని పొదుపు కాదుగదా! సంగీతమును కార్పెంటరే కూర్చెను. వినుచు వినుచు నా చేయి తానంతట లెక్కవేయ మొదలిడినది: ఐదేసి మాత్రలు! చిన్ననాడు పాటల మేష్టారు నేర్పిన ఖండగతి. నాలుగింట నాగుననుకొన్న మనస్సునకు ఆ యైదవ మాత్రయే గుండెదడ.

అందులో లోరీ యను పిల్ల పట్టపగలు వీధిలో మెల్లగా బోవుచున్న యొక కారును, కంచెచాటున నిలిచిన యొకనిని జూచును. చెప్పినచో స్నేహితురాలు పరిహాసమాడును. కడపట మిగులునది ఆ లోరీయే. ఇట్లు మిగిలిన పిల్లకు 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టినది కారల్ క్లోవర్ అను పండితురాలట. స్కాండినేవియా దేశముల ప్రాచీన వాఙ్మయమును జదివిన యామె, 1987లో నీ చిత్రములను గూర్చి యొక వ్యాసము వ్రాసినది. చూచు మగపిల్లలు సైతము తుదకు హంతకుని విడిచి ఆ పిల్ల కన్నులతోనే చూతురని యామె సిద్ధాంతము.

మనుమరాలి వంతు వచ్చినది. దాని పక్షము కెనడాలో బాబ్ క్లార్క్ 1974లో దీసిన 'బ్లాక్ క్రిస్మస్'. కాలేజి యాడపిల్లలుండు వసతిగృహము. టెలిఫోనులో నసభ్యపు కూతలు. ఒక పిల్ల కనబడకపోవును. ఠాణాలో చెప్పగా, ఎవనితోనో పోయియుండునని తేలికగా దీసివేయుదురు. ఆ పిల్ల మృతదేహ మా యింటి అటుకమీదనే యున్నది. ఆ కూతలును ఆ యింటిలోనుండియే వచ్చుచున్నవని తెలియునప్పటికి మించిపోవును.

"నాకు కత్తంటే భయం లేదు, అమ్మమ్మా," అని మనుమరాలు తనకు వచ్చిన తెనుగులో మెల్లగా చెప్పినది. "అన్ని సినిమాల్లోనూ ఒకటే. ఆ పిల్ల ముందే చెబుతుంది, ఏదో తేడాగా ఉందని. ఎవ్వరూ వినరు. అదీ భయం."

అప్పుడే జంతికల పళ్లెముతో మెట్లు దిగుచున్న మా అమ్మాయి నవ్వి, "ఇవి చూసి చూసే, రోడ్డుమీద వెళ్లే ప్రతి కారూ దాని వెంటే వస్తున్నట్టుంది!" అనెను. పిల్లలును నవ్విరి. మనుమరాలు నవ్వలేదు.

నాకు చల్లని నీరు వీపున బోసినట్లైనది. రెండు వారములకు ముందు, గ్రంథాలయమునుండి నడచి వచ్చుచుండగా బూడిదరంగు కారొకటి మెల్లగా వెంట వచ్చుచున్నదని అది చెప్పగా, తల్లి "సినిమా పిచ్చి" అనెను. నేనును "చీకట్లో మోడు కూడా మనిషిలాగే కనబడుతుందే" అంటిని.

ఆ మాట నాది కాదు, మా పెద్దమ్మది. నాకు పండ్రెండవయేట, అట్లతద్దినాడు తెల్లవారక మున్నే లేచి చద్ది దిని, కాలువగట్టు చింతచెట్టు ఉయ్యాలకు బోతిమి. చెట్టు వెనుక నొకడు నిలిచి మావంక జూచుచుండెను. పిలువలేదు, కదలలేదు. వారము గడచినపిదప నీళ్లరేవున మరల వానినే చూచితిని. పెద్దమ్మతో చెప్పగా నామె యన్న మాట యిదియే. నేను నోరు మూసికొంటిని. మాసము గడవకమున్నే మా పొరుగింటి పిల్లను బడి మాన్పించిరి. అది మరల గడప దాటి రేవునకు రాలేదు. ఏమి జరిగెనో మాకెవరును చెప్పలేదు, మేమడుగలేదు. రెండవసారి నేను గట్టిగా చెప్పియుండినచో నేమయ్యెడిదో యను తలంపు ఏబదియేండ్లకు పైగా నన్ను విడువలేదు. అట్టి నేనే ఆ మాటను నా మనుమరాలికి తిరిగి వడ్డించితిని!

"తీర్పు వాయిదా" అని చెప్పి లేచి, దానిని వంటయింటిలోనికి బిలిచితిని. "ఆ కారు సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పు" అంటిని. అది తన ఫోను దీసినది. నాలుగు తేదీలు, వేళలు, కారు నిదానించు మలుపు, అన్నియు వ్రాసియుంచుకొన్నది! అడుగువారికొఱకు కాచుకొని యున్నది, పాపము. మా అమ్మాయి నిలుచుండి విని, ఒక్కమాటయు లేక కూతును దగ్గరకు దీసికొనెను.

సోమవారమునుండి తల్లి ముందుగా బోయి గ్రంథాలయము కెదుట తన కారులో గూర్చుండెను. మొదటి రెండు దినములు ఏమియు లేదు. మూడవదినము ఆ బూడిదరంగు కారు వచ్చినది. అదే మలుపున నిదానించినది. అంకె వ్రాసికొని పోలీసులకు దెలిపిరి. వారు శ్రద్ధగా వ్రాసికొని, ఆ మనిషిని బిలిచి మాటాడితిమని తరువాత చెప్పిరి. వాడెవడో, వాని తలంపేమో మాకు దెలియదు. నేనక్కడ నున్నన్నాళ్లు ఆ కారు మరల రాలేదు.

మఱు శనివారము పిల్లలు నా తీర్పు కోరిరి. నేను 'బ్లాక్ క్రిస్మస్'కే గెలుపునిచ్చితిని. తక్కినవానిలో ఆ పిల్ల మాట యెవరో యొకరికి తుదకైనను తెలియును. దీనిలో అటుకమీది పిల్ల చిత్రము ముగిసినను అక్కడనే యున్నది, ఎవరికిని దొరకలేదు. న్యాయాధిపతి మనుమరాలి పక్షపాతి యని మనుమడు పైకోర్టునకు, అనగా వాని తండ్రికడకు, అప్పీలు చేసికొనెను. అది యింకను విచారణలోనే యున్నదని వినికిడి.

ఈ చిత్రములను చూడుడని మీకు చెప్పను. నేనును మరల చూడను. కాని మీ యింటి పిల్ల వంటయింటి గుమ్మమున నిలిచి, ఏదో తేడాగా నున్నదని నసిగినప్పుడు, పోపు మాడినను సరే, పొయ్యి తగ్గించి, దానివంక దిరిగి, మొదటినుండి చెప్పుమని యడుగుడు.