ఒక గడిలో ఇద్దరు

మా ముత్తాతగారు 118 ఏళ్ళు బతికారని మూడేళ్ళ క్రితం నాకు తెలిసింది. ఆయన 1861లో పుట్టి 1979లో పోయారట. పైగా ఆయనకు ఇద్దరు తండ్రులు. ఈ విశేషాలు నేను ఏ పురాణంలోనూ చదవలేదు. అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి, ఇంటర్నెట్‌లో నలుగురూ కలిసి పెంచే వంశవృక్షంలో మా కుటుంబాన్ని ఎక్కించి, చూసుకోమని నాకు పంపాడు. అందులో ఉన్నాయి.

ఈ ఉమ్మడి వంశవృక్షాల సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. పూర్వం ఎవరి వంశవృక్షం వాళ్ళ కావిడిపెట్టెలో ఉండేది. 2007లో వచ్చిన జెనీ, ఆ మరుసటేడు వచ్చిన వికీట్రీ, ఫ్యామిలీసర్చ్ వారి వృక్షం వంటివి లోకానికంతకూ ఒకే చెట్టు అనే సూత్రం మీద నడుస్తాయి. ఒక మనిషికి ఒకే పుట ఉండాలి. ఒకే తాతను ఇద్దరు మనవలు విడివిడిగా ఎక్కిస్తే ఆ రెండు పుటలనూ కలపాలి. పేరూ, సంవత్సరమూ, ఊరూ దగ్గరగా కనిపిస్తే "వీరిద్దరూ ఒకరేనా?" అని యంత్రమే అడుగుతుంది. ఔనని నొక్కితే ఇద్దరి తల్లిదండ్రులూ, భార్యలూ, బిడ్డలూ ఒకచోట కుప్ప పడతారు. కలపడానికి క్షణం చాలు. విడదీయడం అంత సులభం కాదు.

యంత్రం అడిగే ఆ ప్రశ్న మన ఇళ్ళను ఎరగనివాళ్ళు తయారు చేసినది. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. వాళ్ళకు తారుమారు. అందుచేత మన జిల్లాల్లో సగంమందికి "రావు" ఇంటిపేరయి కూచుంది. ఏ సంబంధమూ లేని రావులంతా దాయాదులయ్యారు. మేనమామను చేసుకున్న పిల్ల ఆ చెట్టులో మేనకోడలుగా ఒకచోట, భార్యగా మరొకచోట, రెండుసార్లు కనిపిస్తుంది. నిజంగా కలపవలసింది ఆమెను! ఆమెను మాత్రం ఎవరూ కలపరు, ఎందుకంటే అది తప్పయి ఉంటుందని దూరదేశపు సభ్యుడెవరో మర్యాదగా వదిలేస్తాడు. ఇక తాత పేరు మనవడికి పెట్టుకునే ఆచారం ఉండనే ఉంది. మా ముత్తాతగారు 1909లో పోతే, రెండేళ్ళకు పుట్టిన మనవడికి ఆయన పేరే పెట్టారు. ఆ ఇద్దరినీ కలిపితే వచ్చినదే ఆ 118 ఏళ్ళ ఆయుర్దాయం.

ఆ చిక్కు విప్పడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో ప్రతి పుటకూ చిట్టా ఉంటుంది. కలిపిన వెంటనే అయితే వెనక్కు తీసుకోవచ్చు. ఆ తర్వాత మరి నలుగురు వచ్చి ఏవేవో చేర్చి ఉంటే, వెనక్కు తీసుకోవడంలో వాళ్ళ చేర్పులు చెదురుతాయి. అప్పుడు రెండో మనిషికి కొత్త పుట తెరిచి, బిడ్డలను ఒక్కొక్కరినే ఆధారం చూసి ఇవతలికి తీసుకురావాలి. ఆ పైన, వీరిద్దరూ వేరని గుర్తు పెట్టి, కారణం రాసి ఉంచాలి. రాయకపోతే యంత్రం మళ్ళీ అడుగుతుంది, ఇంకొకడు మళ్ళీ నొక్కుతాడు. తాతనూ మనవడినీ విడదీశానని చెబితే అన్నయ్య సంతోషించాడు, నన్ను మెచ్చుకున్నాడు కూడా.

ఆ సంతోషం చూసుకునే నేను రెండో తప్పు జోలికి వెళ్ళాను.

మా ముత్తాతగారికి ఇద్దరు భార్యలు. పేర్లు చెప్పను గాని, మొదటి ఆమెను సుబ్బమ్మ అనుకుందాం, రెండో ఆమెను సూరమ్మ అనుకుందాం. మొదటి ఆమె సంతానపు శాఖవారు, విశాఖపట్నంలో ఉన్నవాళ్ళు, ఇద్దరినీ వేరువేరుగానే ఎక్కించారు. మా అన్నయ్య వచ్చి కలిపేశాడు. మిగిలింది సుబ్బమ్మ. ఐదుగురు బిడ్డలూ ఆమెవాళ్ళయ్యారు. ఆమె 1889లో పోయింది. మా తాతగారు పుట్టింది 1894లో. చనిపోయిన ఐదేళ్ళకు బిడ్డను కన్న తల్లి కనిపించేసరికి యంత్రం ఎర్రగుర్తు పెట్టింది. అన్నయ్య ఆమె మరణ సంవత్సరం తుడిచేశాడు. ఎర్రగుర్తు పోయింది.

నేను విడదీశాను. వారం తిరక్కుండా మళ్ళీ కలిసిపోయారు. మళ్ళీ విడదీశాను. అన్నయ్య ఫోను చేశాడు.

"ఏమ్మా, పెద్దవాళ్ళు రాసిపెట్టినదానికంటే నీకు ఎక్కువ తెలుసా?"

పెద్దవాళ్ళు రాసిపెట్టినది ఒక నోటుపుస్తకం. అన్నయ్య 2015 జూలైలో గోదావరి పుష్కరాలకు వచ్చి, పెదనాన్నగారి ఆ పుస్తకం చూసి అందరికీ పిండాలు పెట్టాడు. దాన్ని ఫొటో తీసుకువెళ్ళి అందులో ఉన్నట్టే చెట్టుకు ఎక్కించాడు. అందులో సూరమ్మ పేరు లేదు.

ఆ పేరు ఎందుకు లేదో నాకు పదమూడో ఏట తెలిసింది. మా మామ్మ తద్దినం. మగవాళ్ళు ముందు గదిలో ఉన్నారు. నేను వంటింట్లో మా మేనత్తకు గారెలపిండి అందిస్తున్నాను. తల్లి తద్దినంలో ఆమె పేరూ, ఆమె అత్తగారి పేరూ, ఆ అత్తగారి అత్తగారి పేరూ చెబుతారు. మా మామ్మకు అత్తగారు సూరమ్మ. లోపలినుంచి వినిపించింది మాత్రం సుబ్బమ్మ పేరు. అదేమిటత్తా అన్నాను. మేనత్త మూకుట్లోంచి కళ్ళు ఎత్తకుండానే చెప్పింది: "మా మామ్మ పేరు వాళ్ళు చెప్పరులే. వెధవరాలై మళ్ళీ పెళ్ళాడింది గదా. ఆ పేరు చెబితే బ్రహ్మగారు లేచిపోతానన్నాడట అప్పట్లో. అప్పటినుంచీ అంతే."

వితంతు వివాహాలు న్యాయసమ్మతమేనని చట్టం వచ్చింది 1856లో. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. సూరమ్మ పెళ్ళి 1892లో. చట్టం ఒప్పుకుంది, రిజిస్ట్రారు కచేరీ ఒప్పుకుంది. పురోహితుడు ఒప్పుకోలేదు, ఇంట్లో మగవాళ్ళు ఆయనతో పేచీ పెట్టుకోలేదు. సూరమ్మ కన్న కొడుకుల బిడ్డలు, ఆమె పెంచిన ఇంట్లో కూచుని, ఆమె పేరుకు బదులు సవతి పేరు చెప్పి పిండాలు పెట్టారు. అంచేత అన్నయ్యను ఒక్కణ్ణే నిందించలేను. యంత్రం "ఒకరేనా?" అని అడగడానికి ఎనభై ఏళ్ళ ముందే మావాళ్ళు ఔనన్నారు. ఆయన ఆ జవాబుకు నకలు తీశాడు, అంతే.

వంశవృక్షం నిష్కల్మషమైన జ్ఞాపకం అని మనం భ్రమపడతాం. అది ఎవరి అవసరానికి పుట్టింది? ఈనాము నిలుపుకోవడానికీ, వాటా రాబట్టడానికీ, సంబంధం కుదరడానికీ. పిచ్చుకుంట్లవాళ్ళు ఊరూరా తిరిగి కాపుల ఇళ్ళ ముందు గోత్రాలూ వంశాలూ చెప్పేవాళ్ళు. డక్కలివాళ్ళు మాదిగలకు చెప్పేవాళ్ళు. వాళ్ళకు కుటుంబం పెట్టే గింజలే ఆధారం. పెట్టే చెయ్యి మెచ్చనిది ఎంతకని చెబుతారు? గింజలతో పని లేదు గనక యంత్రం నిష్పక్షపాతంగా ఉంటుందనుకున్నాను. దానికి పక్షపాతం లేదు నిజమే, కాని దానికి తెలిసినది కూడా మనం చెప్పినదే.

మాటలతో లాభం లేదని ఆధారాలు వెతికాను. విశాఖపట్నం శాఖవారి తాళపత్రంలో సుబ్బమ్మ విరోధి నామ సంవత్సరంలో పోయినట్టుంది. అన్నయ్య దానికీ సమాధానం చెప్పాడు: "విరోధి అరవై ఏళ్ళకోసారి వస్తుంది. 1949 కూడా విరోధే. అప్పుడు పోయిందేమో!" తెలుగు సంవత్సరాల వల్ల ఇటువంటి పొరపాట్లు నిజంగానే చాలా జరుగుతాయి, ఆ మాట కాదనను. అందుకని కచేరీకి పోయి 1910 నాటి పంపకాల దస్తావేజు నకలు తీయించాను. అందులో ముత్తాతగారి మొదటి భార్య సుబ్బమ్మ కొడుకు ఒక పార్టీ. రెండో పార్టీ మైనర్లు. వాళ్ళ తరపున గార్డియను, తల్లి సూరమ్మ. ఆమె వేలిముద్ర లేదు, సంతకం ఉంది. గుండ్రని, తొందరలేని అక్షరాలు.

ఇక నేను విడదీయడం, ఆయన కలపడం మానేసి, ఆ చెట్టును కనిపెట్టుకునే స్వచ్ఛంద కార్యకర్తకు రాశాను. ఆమెకు తెలుగు రాదు. దస్తావేజుకు అనువాదం పంపితే నాలుగు ప్రశ్నలు వేసి, రెండు పుటలూ విడదీసి, మళ్ళీ కలపకుండా గడియ వేసింది.

అన్నయ్య రెండు నెలలు మాట్లాడలేదు. ఈలోగా ఆయన కొడుకు, ఉత్సాహవంతుడు, సూరమ్మ పుటలో "వీరేశలింగం స్వయంగా జరిపించిన వివాహం" అని చేర్చాడు. దానికి ఆధారం లేదు గనక నేనే తీసేశాను. కుర్రవాడు నొచ్చుకున్నాడు. అత్తయ్యా, మీరు సంతోషిస్తారనుకున్నాను అన్నాడు. పురోహితుడి జాబితా పనికిరాదని చెప్పి, నాకు నచ్చిన అబద్ధాన్ని ఉంచుకోమంటే ఎలా?

సూరమ్మకు మొదటి భర్త గడి కూడా తెరిచాను. ఎనిమిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట అతను పోయాడు అని మేనత్త చెప్పినది, మేనత్త చెప్పినట్టుగానే రాశాను. ఆ గడిలో పేరు లేదు. మొన్న సంక్రాంతికి అన్నయ్య ఫోను చేశాడు. పండగ కబుర్లన్నీ అయ్యాక కాసేపు ఊరుకున్నాడు.

"అయితే ఆవిడ పుట్టింటివాళ్ళెవరమ్మా?"

తెలీదన్నాను. దస్తావేజులో లేదు.

"పోనీ, ఆ మొదటి పెళ్ళికొడుకు ఊరైనా అత్తయ్య చెప్పలేదా?"

చెప్పలేదు. నేను అడగలేదు. పదమూడేళ్ళదాన్ని, గారెలు అయిపోతాయేమోనని చూస్తున్నాను.