గోదాము చాలని ఒళ్లు

"నేను గింత బక్కగ ఉన్న గద సారూ, నాకు షుగరెట్లొస్తది?"

పరకాలలో ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచి ఈ ప్రశ్న వినని వారం లేదు. అడిగేవాళ్లలో ఎక్కువమంది రైతులే. నడికూడ, శాయంపేట, రేగొండ దిక్కు నుంచి బస్సెక్కి వస్తారు. మొన్నొచ్చిన ఒకాయనకు పరగడుపు షుగరు 210. బరువు 58 కిలోలు, ఎత్తుకు తగ్గ బరువే. చొక్కా పైకి జరిపించి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ నడిమధ్యన టేపు చుట్టి, ఊపిరి వదలమని చూశాను. 94 సెంటీమీటర్లు. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువున్నట్టేనని 2009లో మన దేశపు వైద్య నిపుణులు ఒక మాట మీదికొచ్చారు. ఆయన చేతులు, తొడలు, మొహం చూస్తే ఎవరూ లావు మనిషి అనరు. ఉన్న కొవ్వంతా కడుపు లోపల పేగుల చుట్టూ, కాలేయంలో చేరింది.

పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ కలిసి దిగిన ఫొటో ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఎత్తుతో బరువును పోల్చే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పై ప్రశ్నకు నేను చెప్పే జవాబు ఆ ఫొటోతోనే మొదలవుతుంది. అంకెలు చదవలేనివాళ్లకు కూడా ఇద్దరు మనుషుల కథగా చెప్తే ఇట్టే అర్థమవుతుంది.

కొవ్వంటే ఒంటికి పట్టిన పీడ అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది గుండె, కాలేయం లాంటి అవయవమే. కొవ్వు కణం నిండా దాదాపుగా ఒకే నూనె బొట్టు ఉంటుంది. కేంద్రకం ఓ అంచుకు నెట్టుకుపోయి కనపడుతుంది. తిన్న తర్వాత ఇన్సులిన్ ఆజ్ఞతో ఈ కణం కొవ్వును లోపల దాస్తుంది, పస్తున్నప్పుడు కొంచెం కొంచెంగా వదులుతుంది. కబుర్లు కూడా పంపుతుంది. నిల్వ ఎంతుందో మెదడుకు చెప్పే లెప్టిన్‌ను 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనిపెట్టింది. మరుసటి ఏడాది ఫిలిప్ షెరర్ బృందం అడిపోనెక్టిన్‌ను బయటపెట్టింది. ఇది ఇన్సులిన్ బాగా పనిచేయడానికి తోడ్పడుతుంది. పొట్ట పెరిగేకొద్దీ రక్తంలో ఇది తగ్గిపోతుంది.

వడ్ల సీజన్లో మన దగ్గర జరిగేది అందరికీ తెలిసిందే. గోదాముల్లో జాగా లేకపోతే కొనుగోలు సెంటర్ల ముందు, రోడ్ల మీద కుప్పలు పడతాయి, వానకు తడిసి మొలకలొస్తాయి. తప్పు వడ్లది కాదు, జాగాది. చర్మం కింది కొవ్వు మనకు గోదాము. అది చిన్నదై త్వరగా నిండితే, మిగిలిన కొవ్వు కాలేయంలోకి, క్లోమంలోకి, కండరాల్లోకి చేరుతుంది. షుగరు మొదలయ్యేది అక్కడే. బక్క రైతుకు జాగా తక్కువ. అదే బరువున్న మరొకరికి జాగా ఎక్కువైతే ఏళ్ల తరబడి ఏమీ కాకపోవచ్చు.

ఈ జాగా మాట నాకు పుస్తకం కంటే ముందు ఒక అమ్మాయి నేర్పింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులు. పదో తరగతి పిల్ల. మొహం మీద, చేతుల మీద చిటికెడు కొవ్వు లేదు. కండలు గట్టిగా తేలి, నరాలు పైకి కనపడుతున్నాయి. మెడ చుట్టూ నల్లటి మందమైన చర్మం. అది మురికి అనుకుని వాళ్లమ్మ ప్రతి ఆదివారం శనగపిండితో నలుగు పెట్టి తోమేదట, చర్మం గీరుకుపోయేదాకా. రక్తం తీసి ట్యూబు నిలబెడితే, పైన తేలాల్సిన పచ్చటి సీరం తెల్లగా, చిక్కటి పాలలాగా వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని కొవ్వు, అంతగా పెరిగిపోయాయి. కాలేయం వాచింది, షుగరు ఎంత ఇన్సులిన్ ఇచ్చినా దిగదు. ఒంట్లో కొవ్వు కణజాలమే సరిగ్గా ఏర్పడని లైపోడిస్ట్రఫీ అది. దాచుకునే చోటు లేక కొవ్వంతా రక్తంలో, కాలేయంలో తిరుగుతోంది. ఇలాంటి రోగులకు లెప్టిన్‌నే మందుగా ఇస్తే షుగరు, ట్రైగ్లిజరైడ్లు బాగా తగ్గుతాయని 2002లో అమెరికాలో రుజువైంది. ఆ మందు మాత్రం మన పేదింటి పిల్లలకు ఇప్పటికీ అందనంత దూరంలోనే ఉంది. నాకు అది తలుచుకుంటే కోపమొస్తుంది.

కొవ్వు బొత్తిగా లేకపోయినా షుగరే, లోపల ఎక్కువైనా షుగరే. మరి లావుగా ఉంటే తప్పకుండా షుగరు వస్తుందా? దీనికి జవాబు మన హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎన్.వి. గిరిధరన్ బృందం 1996లో ఒక కొత్త ఎలుకల జాతిని ప్రపంచానికి చూపించింది. ఆ సంస్థ తరతరాలుగా పెంచుతున్న విస్టార్ ఎలుకల్లో కొన్ని తమంతట తామే విపరీతంగా లావెక్కాయి. తిండి ఆపవు, లెప్టిన్ రక్తం నిండా ఉన్నా మెదడు దాని మాట వినదు. డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ అనే రకానికి ఇన్సులిన్ బాగా పెరిగినా షుగరు మామూలుగానే ఉంటుంది. దాని దగ్గరి చుట్టమైన డబ్ల్యూఎన్ఐఎన్/జీఆర్-ఓబీ రకానికి మాత్రం గ్లూకోజును తట్టుకునే శక్తి తగ్గుతుంది. రెండూ లావే, ఫలితం వేరు. తూకం చూసి తీర్పు చెప్పకూడదని నేను గట్టిగా నమ్మడానికి ఈ ఎలుకలు ఒక కారణం.

ఇన్సులిన్‌కూ కొవ్వు కణానికీ ఎంత దగ్గరి సంబంధమో చేత్తో తడిమి తెలుసుకునే సందర్భం కూడా ఉంది. ఆత్మకూరు వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయనకు షుగరు ఒకరోజు 90, మరుసటి రోజు 380. డోసు మారుస్తూ పోతే లాభం లేదని పొట్ట తడిమి చూశాను. బొడ్డుకు కుడిపక్క నిమ్మకాయంత మెత్తటి గడ్డ. "గా జాగల పొడుచుకుంటె నొప్పి తెల్వది సారూ, అందుకే రోజు గాడ్నే" అన్నాడు. పడిన చోటనే ఇన్సులిన్ పడుతుంటే అక్కడి కొవ్వు కణాలు ఉబ్బి గడ్డకడతాయి, అందులో పొడిచిన మందు ఎప్పుడు ఎంత రక్తంలో కలుస్తుందో చెప్పలేం. చోటు మార్చమన్నాను. మార్చిన చోట మందు పూర్తిగా ఎక్కి షుగరు పడిపోతుంది కాబట్టి డోసు కూడా తగ్గించాను. ఇన్సులిన్ వాడేవాళ్ల పొట్టను ప్రతిసారీ చేత్తో చూడాలి, ఏ స్కానూ అక్కర్లేదు.

మళ్లీ గోదాము సంగతికొస్తే, అది ఎంతుండాలో ఎప్పుడు తేలుతుంది? స్వీడన్‌లో కిర్స్టీ స్పాల్డింగ్ బృందం 2008లో దీన్ని తేల్చింది. అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కలిసిన కార్బన్-14 ఆధారంగా కొవ్వు కణాల వయసు లెక్కగట్టారు. ఏటా పది శాతం దాకా కణాలు చనిపోయి కొత్తవి వస్తాయి. మొత్తం సంఖ్య మాత్రం బాల్యంలో, ఎదిగే వయసులో ఖాయమై, పెద్దయ్యాక పెద్దగా మారదు. బరువు తగ్గినా కణాలు చిన్నవవుతాయి తప్ప సంఖ్య తగ్గదు.

అంటే పునాది చిన్నప్పుడే, ఇంకా ముందు తల్లి కడుపులోనే పడుతుంది. హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. పక్క ఊళ్లలో పెట్టలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకొచ్చాక పరీక్షిస్తే, ఉప్మా అందిన ఊళ్లవాళ్లకు ఇన్సులిన్ నిరోధకత తక్కువగా, రక్తనాళాలు మెత్తగా ఉన్నట్టు తేలింది. బీఎంజే వైద్య పత్రికలో 2008లో ఈ ఫలితాలు వచ్చాయి. ఉప్మా గిన్నె పదేళ్లు దాటాక కూడా పనిచేస్తుందన్నమాట.

అందుకే ఈ మధ్య నేను షుగరు రోగుల కంటే గర్భిణులతోనే ఎక్కువసేపు మాట్లాడుతున్నాను. పోయిన వారం ఏడో నెల ఆమె వచ్చింది, 44 కిలోలు. అంగన్‌వాడీ భోజనానికి పోతున్నావా అంటే, పత్తి ఏరబోవాలి, కుదరదంది. అత్త అందుకుంది: "ఎక్కువ తింటె కడుపుల బిడ్డ పెద్దగయి కాన్పు కష్టమైతది గద సారూ." ఆ భయం ఈ పల్లెల్లో నాటుకుపోయింది. "అత్తమ్మా, ఇక్కడ పెద్ద బిడ్డలతో వచ్చిన కష్టం నేను చూసింది చాలా తక్కువ. రెండు కిలోల బిడ్డల కష్టం రోజూ చూస్తున్న. గుడ్డు, పాలు ఇంట్లో పిల్లలకు పంచకుండా ఈమెనే తిననియ్యి. పత్తికి ఇంకొకర్ని పంపు" అన్నాను. కోడలు తల ఊపలేదు, అత్త ఊపింది. వచ్చే నెల బరువు చూడాలి.