ముక్కేదీ? చెవులేవీ?

మన ఇళ్ళలో పసిపిల్లల తొలిపాఠం ముఖంతోనే మొదలవుతుంది. అమ్మమ్మ "ముక్కేదీ? చెవులేవీ?" అంటుంది, పాప చిట్టివేలితో తడిమి చూపుతుంది. రెండేళ్ళు నిండేసరికి అడిగితే కనీసం రెండు అవయవాలనైనా చాలామంది పిల్లలు చూపగలరు. అందుకే ఈ ఆట నాకు పరీక్షగా కూడా పనికివచ్చేది. అడిగే పద్ధతిలోనే ఉంది కిటుకంతా.

ఒక తల్లి తన రెండేళ్ళ బాబు అన్నీ చూపుతాడని మురిసిపోతూ, అడిగిన ప్రతిసారీ తన ముక్కును తానే తాకేది. వాడూ అలాగే చేసేవాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, మాటతో మాత్రమే అడగమన్నాను. బాబు ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. వినికిడి పరీక్షలో రెండు చెవులలోనూ లోపం బయటపడింది. చెవి మిషను అమర్చాక, మెల్లగా మాటలు మొదలయ్యాయి.

ఒక్కరోజు బదులు చూపనంత మాత్రాన బెంగ అక్కరలేదు. పిల్లలకు నిద్ర, సిగ్గు, మొండితనం అన్నీ ఉంటాయి. పెదవులు కనబడకుండా, పక్కనుంచి, వేర్వేరు రోజులలో అడిగి చూడండి. అయినా స్పందన లేకపోతే జాప్యం చేయక వినికిడి పరీక్ష చేయించండి.

మరొక మాట. కళ్ళు, ముక్కుతో ఆపేయక బుగ్గ, దవడ, గడ్డం కూడా నేర్పండి. పంటిపోటు చెవిలోకి లాగుతుంది. నొప్పి ఎక్కడ మొదలైందో పిల్లవాడే చెప్పగలిగితే వైద్యునికి సగం పని తీరుతుంది.