అప్పుకీ తప్పుకీ ఒకటే మాట

2023 డిసెంబర్ 16, శనివారం. బెర్లిన్‌లో మా రూమ్‌లో పప్పుచారు మరుగుతోంది. ఆఫీసు గ్రూప్‌లో మెసేజ్: ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లకిచ్చే సబ్సిడీ రేపటితో బంద్!

అప్పుడు నేను చార్జింగ్ స్టేషన్లకి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న కంపెనీలో ఉన్నా. కార్లు అమ్ముడుపోకపోతే మా కోడ్‌తో ఎవరికి పని?

అసలు కథ నెల ముందే మొదలైంది. జర్మనీ రాజ్యాంగంలో 2009 నుంచి ‘అప్పులకి బ్రేక్’ ఉంది. మామూలు రోజుల్లో కేంద్రం చేసే కొత్త అప్పు జీడీపీలో 0.35 శాతం దాటకూడదు. కరోనా పేరుతో అనుమతి తీసుకుని వాడకుండా మిగిలిన 6 వేల కోట్ల యూరోల అప్పును ప్రభుత్వం వాతావరణ నిధికి మళ్లించింది. రాజ్యాంగ కోర్టు చెల్లదంది.

ప్రభుత్వంలో మూడు పార్టీలు. బ్రేక్ కాస్త వదులు చేద్దామని సోషల్ డెమోక్రాట్లు, గ్రీన్స్. కొత్త అప్పు వద్దు, పన్నులు పెంచొద్దు, ఖర్చు తగ్గించండని ఆర్థిక మంత్రి లిండ్నర్ ఎఫ్‌డీపీ. ఏడాదంతా ఇదే తగువు.

జర్మన్‌లో అప్పుకీ తప్పుకీ ఒకటే మాట, ‘షుల్డ్’ అని లంచ్‌లో ఒక కొలీగ్ చెప్పాడు. నాకు ఖమ్మంలో ఉన్న నాన్న గుర్తొచ్చారు. తాతయ్య పత్తికి చేసిన అప్పులు తీర్చడంలోనే నాన్న వయసంతా పోయింది. మా ఇంట్లో టీవీ కూడా వాయిదాల మీద కొనలేదు. అలాంటి మనిషి నా ఎమ్మెస్ కోసం ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టారు. అందుకే లిండ్నర్ మాట నాకు పిచ్చిగా అనిపించలేదు. కానీ రోజూ లేటొచ్చే రైలెక్కేవాడికి ఇంకోటి కూడా తెలుస్తుంది. రిపేర్లు వాయిదా వేయడమూ అప్పే. మా భాషలో టెక్నికల్ డెట్.

2024 సెప్టెంబర్‌లో మా టీంలో నలుగురికి నోటీసిచ్చారు. అందులో నేనొకణ్ని. సబ్సిడీ ఒక్కటే కారణమనను, కానీ మీటింగ్‌లో మొదటి స్లయిడ్ అదే. ఇక్కడ వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. రెండు నెలల ఈఎంఐ నాన్నే కట్టారు.

నవంబర్ 6 పొద్దున ట్రంప్ గెలిచాడని అందరూ ఫోన్లలో మునిగారు. రాత్రికి ఛాన్సలర్ షోల్ట్స్ లిండ్నర్‌ని తీసేశాడు. కూటమి కూలింది. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 5 శాతం గీత దాటలేక ఎఫ్‌డీపీ పార్లమెంటులోనే లేకుండా పోయింది.

అసలు ట్విస్ట్ ఆ తర్వాతే. ప్రచారమంతా అప్పుల బ్రేక్‌ని వెనకేసుకొచ్చిన మెర్జ్, గెలిచిన కొద్ది రోజులకే మాట మార్చాడు. కొత్త సభలో మూడింట రెండొంతులు దొరకవని, పదవీకాలం ఇంకా ముగియని పాత సభనే కూర్చోబెట్టి మార్చి 18న రాజ్యాంగ సవరణ పాస్ చేయించాడు. మౌలిక వసతులకి 50 వేల కోట్ల యూరోల నిధి! గ్రీన్స్ పట్టుబట్టి అందులో 10 వేల కోట్లు వాతావరణ నిధికి రాయించుకున్నారు.

అప్పటికి నాకు వేరే ఉద్యోగం దొరికింది. ఓటింగ్ ఫోన్‌లో చూస్తూనే నాన్నకి కాల్ చేసి చెప్పా.

“ఆ ఒప్పుకునేదేదో ముందే ఒప్పుకుంటే పోయేది కదరా?”

“అప్పుడు ఎలక్షన్లు ముందున్నయి నాన్నా. ఇప్పుడు అయిపోయినయి.”

కాసేపు ఏమీ అనలేదు.

“ఈ నెల ఈఎంఐ?”

“కట్టేశా.”