బంతియాట జోస్యము

ఇంటిపట్టున భారత భాగవతములు చదువుకొన్న స్త్రీకి అమెరికావారి బాస్కెట్‌బాలుతో నేమి పని యని మీరడుగవచ్చును. మా మరిది కాకినాడలో ఇంజనీరింగు చదువుచు సెలవులకు మాయింటికి వచ్చుచుండును. అక్కడి రాత్రి యాటలు మనకు తెల్లవాఱుజామున వచ్చును గదా! మేము కాఫీ కాచుచుండగా నతడు చేతిఫోనును వంటయింటి గూటిలో నిలిపెడివాడు. అట్లు చూచి చూచి మాకును ఆ యాట పట్టుపడినది.

ఎన్.బి.ఏ. యను నా సంఘము 1946లో వేఱొక పేరుతో పుట్టినది. ఇప్పుడందు 30 జట్లు కలవు. ఒక్కొక్క జట్టు అక్టోబరు మొదలు ఏప్రిలు వఱకు 82 ఆటలాడును. పిదప 16 జట్లు మిగిలి జంటలు జంటలుగా తలపడును. ఏడింట నాలుగు గెలిచినది నిలుచును. జూనులో విజేత తేలును. ఆ తరువాతి వేసవియే జోస్యములకు పంటకాలము. జట్లవారు ఆటగాండ్రను ఇచ్చిపుచ్చుకొందురు. ఒప్పందము తీఱినవాడు నచ్చిన చోటికి పోవును. ఎవరు పోయిరి, ఎవరు వచ్చిరి, ఇక ఏ జట్టు మొదటిదని లోకమంతయు లెక్కలు వేయును.

2023 వేసవిలో ఫీనిక్స్ సన్స్ జట్టువారు బ్రాడ్లీ బీల్ అను నాటగానిని తెచ్చుకొనిరి. అప్పటికే వారికి కెవిన్ డ్యురాంట్, డెవిన్ బుకర్ ఉండిరి. ముగ్గురును బంతిని బుట్టలో వేయుటయందు ఆఱితేరినవారు. "వదినా, రాబోవు ఏడు ఎవరు గెలుతురు?" అని మా మరిది యడిగెను. పచ్చడి నూఱుచున్న మేము రోటిమీది చేయి తీయకయే, "ఇంకెవరు? ఫీనిక్సే. ముగ్గురర్జునులు ఒక్క రథమెక్కిన నెవ్వరాపగలరు?" అంటిమి.

ఆ జట్టు 82 ఆటలలో 49 గెలిచినది. 2024 ఏప్రిలులో మిన్నెసోటాతో తొలి పోరుననే వరుసగా నాలుగాటలు ఓడి యింటికి పోయినది. నాలవ యాట ముగిసిన పూట మా మరిది ఫోను చేసి యేడ్చెను. కళాశాలకు కట్టవలసిన 40,000 రూపాయలను, చేతిఫోనులో పందెములు కాయించు నొక సంస్థయందు ఫీనిక్సుపై నొడ్డెనట. "వదినా, మీరంత గట్టిగా చెప్పితిరి గదా!" అనెను. మాకు నోట మాట రాలేదు.

పుట్టింటివారు పెట్టిన బంగారు గాజుల జత తాకట్టు పెట్టి రుసుము కట్టితిమి. పది దినములు మావారికి చెప్పలేదు. పదునొకండవ నాడు, ఉత్త మట్టిగాజుల చేతితో వడ్డించుచు, ఇక దాచలేక చెప్పివేసితిమి. బడిలో పిల్లలను గదమాయించినట్లు గదమాయింతురని యెదురుచూచితిమి. ఆయన మజ్జిగ పోసికొని, "పందెము వాడు కాచెను, సరే. నీవైనను లెక్క చూచి చెప్పితివా?" అనిరి. ఆ ప్రశ్న మమ్ము చాల రాత్రులు నిద్రపోనీయలేదు.

పిమ్మట లెక్క చూచితిమి. బంతి యొక్కటే, ముగ్గురు విలుకాండ్రున్నను ఒక తఱి నొక్కడే వేయగలడు. ఆ బంతిని పంచిపెట్టుటలో ప్రసిద్ధుడైన క్రిస్ పాల్‌నే బీల్‌కు మాఱుగా పంపివేసిరి. జీతముల కొక పరిమితి కలదు. ఆ యేట నది సుమారు 13 కోట్ల 60 లక్షల డాలర్లు. ఈ ముగ్గురి జీతములే 13 కోట్లు. పరిమితి దాటుటకు కొన్ని సందులున్నను, మిగిలినవారిని చౌకలోనే వెదకికొనవలసివచ్చెను. బీల్ దెబ్బలవలన 53 ఆటలే యాడెను. ఇందులో సగము సంగతులు మేము పచ్చడి నూఱుచున్ననాడే తెలియదగినవి.

గొప్పవారిని గూర్చుటయే తప్పని చెప్పరాదు. 2007 వేసవిలో బోస్టను జట్టు, పాల్ పియర్స్‌కు తోడుగా కెవిన్ గార్నెట్‌ను రే ఆలెన్‌ను తెచ్చినది. అంతకు ముందేడు 24 ఆటలే గెలిచిన జట్టు ఆ యేడు 66 గెలిచి 2008లో విజేత యయ్యెను. గార్నెట్ కోట కాచెను, ఆలెన్ దూరమునుండి గుఱి కొట్టెను, పియర్స్ లోనికి చొచ్చుకొనిపోయెను. ఒక్కొక్కరికి నొక్కొక్క పని యుండెను. లాస్ ఏంజలెస్ లేకర్సు 2003లో కార్ల్ మలోన్‌ను గ్యారీ పేటన్‌ను చేర్చుకొనియు 2004 తుదిపోరున డెట్రాయిటు చేతిలో నాలుగింటికి ఒక్కటిగా ఓడెను.

2024 వేసవిలో మేమొక నోటుపుస్తకము తీసి, మొదట బోస్టను పేరును, రెండవది ఓక్లహోమా సిటీ పేరును కారణములతో వ్రాసి బియ్యపుడబ్బా వెనుక బెట్టితిమి. ఓక్లహోమావారు ఆ వేసవిలో మెఱపు పేర్లు తేలేదు. ప్రత్యర్థి నడ్డుకొనుటలో దిట్టయైన అలెక్స్ కరూసోను, తప్పిన బంతులనందుకొను పొడగరి హార్టెన్‌స్టైన్‌ను తెచ్చిరి. ఇంటిలో లేని సామానే కొనిరన్నమాట. వారు 68 ఆటలు గెలిచి, 2025 జూనులో ఇండియానాతో ఏడవ యాటవఱకు పోరి విజేతలైరి. బోస్టను న్యూయార్కుతో వెనుకబడియుండగానే జేసన్ టేటం మడమ నరము తెగి, ఆ పోరుననే యోడినది. ఇన్ని కారణములు వ్రాసికొన్నను మా మొదటి పేరు తప్పినది.

అరణ్యపర్వమున ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూచినంతనే ఆకులు, కాయలు లెక్క చెప్పెను. బాహుకరూపుడైన నలుడు మాటతో తృప్తిపడక, చెట్టు కూల్చి లెక్కించి చూచెను. జూదమున రాజ్యము పోగొట్టుకొన్నవాడు గావున నతనికి లెక్క విలువ తెలియును. చిన్నప్పుడు మా నాన్నగారు చెప్పగా విన్నకథయే యిది, ఇన్నాళ్లకు మాకర్థమైనది.

డబ్బొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టము చేసినది. మా మరిది సాయంకాలములు పిల్లలకు గణితము చెప్పి నెలనెలా కొంత తెచ్చి యిచ్చుచున్నాడు. గాజులింకను విడిపింపలేదు.

అతడిప్పటికిని "వదినా, ఎవరు గెలుతురు?" అని యడుగును. మేము ముందు చేయి కడుగుకొని, పుస్తకము తెచ్చి, తెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదందుము. అల్లుని గూర్చియో, పంట గూర్చియో, పిల్లల పరీక్షల గూర్చియో మనమును వంటయింట నిట్లే తీర్పులు చెప్పుచుందుము. సోదరీమణులారా, మన మాటను నమ్ముకొనువారు ఇంటిలో నుందురని మఱవకుడు.