చిక్కుకొన్న కాగితము

యంత్రము చెడినప్పుడు దానిని నిందించుట అందఱకును సులభము. దానికి నోరు లేదు గదా! యంత్రముతోబాటు, ఎదురుమాట చెప్పలేని మనుష్యుని గూడ నిందించుట మఱింత సులభము. ఈ సంవత్సరము మా పాఠశాల కార్యాలయమున జరిగిన యొక చిన్న సంగతివలన మేము నేర్చుకొన్న దానిని తోడి విద్యార్థులకు తెలుపదలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమనగా పదవ తరగతి విద్యార్థులము ముగ్గురము. ఉపకార వేతనముల దరఖాస్తులు పంపవలసిన దినములలో గుమాస్తాగారికి సాయపడుటకై మమ్ము మధ్యాహ్నపు విరామమున కార్యాలయమునకు పంపిరి. దరఖాస్తు చేసిన విద్యార్థులు 38 మంది; ఒక్కొక్కరికి నాలుగేసి పత్రములు; వెరసి 152. వీనినన్నిటిని స్కాను చేసి మఱునాటి సాయంకాలము 5 గంటలలోపల పంపవలయును. గడువు దాటినచో ఆ సంవత్సరమునకు వేతనము లేనట్లే.

మా కార్యాలయపు యంత్రము అచ్చువేయుట, నకలు తీయుట, స్కాను చేయుట అను మూడు పనులను చేయును. దాని మూతమీద నొక పళ్లెము కలదు. కాగితముల కట్టను అందుంచి మీట నొక్కినచో యంత్రము వానిని ఒక్కొక్కటిగా లోనికి లాగుకొని, చదివి, క్రిందనున్న మఱియొక పళ్లెమున పడవేయును. దీనినే డాక్యుమెంటు ఫీడరు అందురు. మూత యెత్తి, గాజుపలకమీద కాగితమును బోర్లించి, మరల మూత వేసి చేయు పనికి కాగితమొక్కింటికి అర నిమిషమైనను పట్టును. 152 కాగితములకు గంటకుపైగా కావలయును. ఫీడరున్నచో అది కొలది నిమిషముల పని.

తొలినాడు నలుబది కాగితములు చక్కగా పోయినవి. పిమ్మట ఒక దరఖాస్తునకు కుట్టిన స్టేపులు పిన్నును తీయుట మఱచితిమి. యంత్రము కిఱ్ఱుమని ఆగెను. మాలో నొకడు తొందరపడి, సగము లోనికి పోయిన కాగితమును బలముగా వెనుకకు లాగెను. అది వచ్చినది. అంతలో గంట మ్రోగెను. కాగితమును కట్టలో నుంచి తరగతికి పరుగెత్తితిమి. దాని మూల చిరిగినదని చూచితిమి గాని, చిరిగిన ముక్క యేమైనదో తలపోయలేదు.

సాయంకాలము మేము మరల వచ్చునప్పటికి గుమాస్తాగారు మిక్కిలి విసిగియుండిరి. పళ్లెమున నొక్క కాగితమైనను లేదు. అయినను కాగితము చిక్కుకొన్నదని యంత్రపు తెరమీద కనబడుచునే యుండెను. ఆపి మరల నడిపినను అదియే మాట. మరమ్మతు చేయువాడు రెండు దినములకు గాని రాలేనని ఫోనులో చెప్పెనట. ఆ ఉదయము యంత్రమును తుడిచినవాడు మా వృద్ధ బంట్రోతు. "ఎక్కడనో చేయిపెట్టి చెఱచినావు" అని గుమాస్తాగారు ఆయనను కోపించిరి. "అయ్యా, పైపైన గుడ్డతో తుడిచితిని గాని మూతయైనను ఎత్తలేదండి" అని ఆయన మెల్లగా పలికి, చేతిలోని గుడ్డను మడచుకొనుచు నిలుచుండెను. మేము ముగ్గురము ఆ మాటలు వింటిమి, ఒకరి మొగము లొకరము చూచుకొంటిమి, నోరు మెదపలేదు.

ఆ రాత్రి మాలో నెవ్వరికిని సరిగా నిద్ర పట్టలేదు. తెల్లవారిన పిమ్మట గంటకు ముందే సైన్సు మాస్టరుగారి యొద్దకు పోయి, యంత్రమును తెఱచి చూచుటకు సాయపడుడని వేడుకొంటిమి. వారు మమ్ము నొక్కటే అడిగిరి: "చెడుటకు ముందు దానిమీద కడపట పడిన చేయి యెవరిది?" మేము తలలు వంచుకొంటిమి. వారు మరల నడుగక కార్యాలయమునకు నడిచిరి.

ముందుగా విద్యుత్తు తీసివేయించి, ఫీడరు మూతను మాచేతనే యెత్తించిరి. కాగితము చిక్కుకొనుట యీ జాతి యంత్రములకు పుట్టుకనుండి యున్న జాడ్యమని వారు చెప్పిరి. మామూలు కాగితముమీద నకలు తీయు జెరాక్సు 914 అను యంత్రమును 1959 సెప్టెంబరు 16వ తేదీన న్యూయార్కులో ప్రదర్శించిరట. అందులో చిక్కుకొన్న కాగితము లోపలి వేడికి అంటుకొను భయముండుటచే, యంత్రముతోబాటు నిప్పార్పు పరికరము నొకదానిని గూడ ఇచ్చెడివారట!

తరువాత కాగితము పోవు దారిలోనున్న యొక చిన్న నల్లని రెక్కను చూపిరి. కాగితము వచ్చినప్పుడు ఈ రెక్క ప్రక్కకు వంగును. దాని మఱియొక కొన రెండు చిన్న దిమ్మెలనడుమ ప్రసరించు కంటికి కనబడని వెలుతురునకు అడ్డుపడుట గాని తొలగుట గాని జరుగును. యంత్రమునకు తెలిసినది ఇంతమాత్రమే. రెక్క వంగియుండెనా, కాగితమున్నది. లేచెనా, కాగితము లేదు. కావున యంత్రము అబద్ధమాడుట లేదు. రెక్కను ఏదియో వంచిపట్టుచున్నది. "చిరిగిన కాగితమును తెండు" అనిరి. తెచ్చితిమి. పోయినది ఏ మూలయో దానివలన తెలిసెను. అందుచే దారిలో ఏ ప్రక్కను వెదుకవలయునో గూడ తెలిసెను. టార్చిలైటు వేసి చూడగా రెక్క మొదట చింతాకంత కాగితపు ముక్క నక్కియుండెను. దానిని మెల్లగా తీసితిమి. యంత్రమును నడుపగా ఆ మాట తెరమీదనుండి మాయమైనది.

కష్టము తీరినదని సంతోషించితిమి గాని, ఇప్పుడు ఫీడరు ఒకప్పుడు కాగితమును అందుకొనకుండెను. ఒకప్పుడు రెండింటిని ఒక్కసారిగా లాగుచుండెను. మాస్టరుగారు దీనికిని కారణము చెప్పిరి. కట్టలోని పై కాగితమును రబ్బరు రోలరు పట్టి లాగును. దాని క్రింది కాగితము వెంటరాకుండ నొక రబ్బరు బిళ్ల అడ్డగించును. కాగితమునకు కాగితమునకు నడుమ నుండు రాపిడికంటె బిళ్ల రాపిడి హెచ్చుగాను, బిళ్ల రాపిడికంటె రోలరు రాపిడి హెచ్చుగాను ఉన్నంతవఱకే పని సాగును. కాగితపు పొడి అంటి రబ్బరు నునుపెక్కినచో ఈ హెచ్చుతగ్గులు తారుమారగును. నీటిలో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో రోలరును త్రిప్పుచు తుడిచితిమి. బిళ్లను గూడ తుడిచితిమి. గుడ్డ నల్లబడెను. తడి ఆరువఱకు ఆగి, కాగితములను విసనకఱ్ఱవలె విప్పి గాలి తగిలించి, అంచులు సరిచేసి పెట్టగా ఒక్కొక్కటిగా పోయినవి.

ఇంకొక చిక్కు మిగిలెను. వచ్చిన ప్రతి పుటయందును పైనుండి క్రిందివఱకు ఒక సన్నని నల్లగీత యుండెను. అదే కాగితమును పెద్ద గాజుపలకమీద పెట్టి తీయగా గీత లేదు. అందుచే దోషము కాగితమున గాని దీపమున గాని లేదని తేలెను. పెద్ద గాజుమీద కాగితము కదలదు, దీపము కదలును. కనుక అక్కడ మచ్చయున్నచో నకలులో మచ్చగానే కనబడును. ఫీడరులో దీపము నిలుచును, కాగితము కదలును. పెద్ద గాజు ప్రక్కనున్న సన్నని గాజుపట్టీమీదుగా కాగితమంతయు సాగిపోవును. ఆ పట్టీమీద ఆవగింజంత మురికి యున్నను పుటపొడవున గీతయగును. వంగి చూడగా జిగురు చుక్కయొకటి కనబడెను. తడిగుడ్డతో తుడువగా గీత పోయినది.

మధ్యాహ్నమునకు ముందే మిగిలిన పత్రములన్నియు పూర్తియైనవి. చిరిగిన పత్రమును మాత్రము పెద్ద గాజుమీదనే పెట్టితిమి. అదృష్టవశమున సంఖ్యయు ముద్రయు చెడలేదు. అది ఎనిమిదవ తరగతి బాలిక యొకతె ఆదాయ ధ్రువపత్రము. దానికొఱకు ఆమె తల్లి రెండు దినములు కూలి మానుకొని తిరిగినదని ఆ బాలిక చెప్పగా వింటిమి. మా తొందర యెంతటి కష్టమును చింపివేయబోయినదో అప్పుడు తెలిసినది. ఆమెను క్షమింపుమని వేడుకొంటిమి.

పిమ్మట గుమాస్తాగారి యెదుట నిలిచి జరిగినదంతయు చెప్పితిమి. వారు కొంతసేపు మాటలాడలేదు. తరువాత బంట్రోతును పిలిచి, మా యెదుటనే, "నిన్న నిన్ను ఊరక అన్నాను, తాతా" అనిరి. మేమును ఆయనకు చేతులు జోడించితిమి. ఆయన కాగితపు ముక్కను అరచేతిలో పెట్టుకొని చూచి నవ్వి, "ఇకమీద పిన్నులు తీయుపని నా కప్పగించుడు బాబూ, నా గోళ్లు గట్టివి" అనెను. నాటినుండి ఆ పని ఆయనదే.

ఇప్పుడు యంత్రము ప్రక్కగోడకు మేము వ్రాసిన యొక అట్ట వ్రేలాడుచున్నది. పిన్నులు తీయవలయును, చినిగిన, మడతపడిన, ప్లాస్టిక్ అతికించిన పత్రములను ఫీడరులో పెట్టరాదు, కాగితము చిక్కుకొన్నచో మూత తెఱచి రెండు చేతులతో మెల్లగా తీయవలయును, తీసిన కాగితము నాలుగు మూలలును ఉన్నవో లేవో చూడవలయును. ఇవి అందలి మాటలు.

అట్టమీద వ్రాయని మాట యొకటి కలదు. ఆ సాయంకాలము మేము నోరు విప్పియున్నచో మాస్టరుగారు అప్పుడే ముక్కను వెదకించెడివారు. ఒక వృద్ధుడు ఆ రాత్రి చేయని తప్పును మోసికొని యింటికి పోవలసియుండెడిది కాదు. తోడి విద్యార్థులారా, ఏదైన చెడినప్పుడు ఎవరు చెఱచిరని అడుగుటకు ముందు, మన చేతులు కడపట ఏమి చేసినవో జ్ఞాపకము చేసికొందము. వెదుకవలసిన చోటు అక్కడనే మొదలగును.