ప్రకాశం పంతులుగారి జమాఖర్చు

జయంతి దినమగు ఆగస్టు 23 వచ్చినంతనే మనవారు సైమన్ కమిషన్ నాటి తుపాకుల కెదురుగా ఱొమ్ము చూపిన టంగుటూరి ప్రకాశం పంతులుగారినే స్మరింతురు. అది ఉచితమే కాని, నా మనస్సు మాత్రము ఆయన జమాఖర్చుల మీదికే పోవుచుండును.

భర్త గతించిన పిదప ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడిపి, పరుల విస్తళ్ళలో అన్నము వడ్డించి, ఆ రాబడితో బిడ్డలను పెంచిన సుబ్బమ్మగారి కడుపున పుట్టిన ఆయన, రాజమహేంద్రవరమున సెకండ్ గ్రేడు ప్లీడరై, పురపాలక సంఘాధ్యక్షులై, 1904లో సీమకేగి బారిష్టరై తిరిగివచ్చి, చెన్నపురి హైకోర్టులో వేలకు వేలు గడించి, 1921లో ఆ వృత్తిని ఒక్క పెట్టున విసర్జించి, ఆర్జించినదెల్ల 'స్వరాజ్య' పత్రికకు ధారపోసిరి. పత్రిక యనగా కాగితము, సిరా, కూలి, అప్పు. ఇంటి పెద్ద ఆస్తినెల్ల అందులో పోయుచుండగా ఇంటివారి మాట యేమని అడుగబుద్ధి పుట్టుట సహజము, నాకును పుట్టినది. దేశమునకు పెద్దదిక్కైనవారు ఇంటికెంత దిక్కైరో లెక్కగట్టుట సులభము కాదు, అయినను ఆ లెక్క విడిచి ఆయనను పొగడుట నాకు సమ్మతము గాదు.

1953లో కర్నూలు రాజధానిగా నేర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు 81 ఏండ్ల వయసున ప్రథమ ముఖ్యమంత్రియై, మరుసటి యేడే మద్యనిషేధపు వివాదమున ఒక్క వోటు తేడాతో పదవి కోల్పోయిరి. అంతటితో ఇంట కూర్చుండిరా? 1957 మండువేసవిలో సైతము ఒంగోలు ప్రాంతపు పల్లెలు తిరుగుచు వడదెబ్బ తగిలి, మే 20న హైదరాబాదులో కన్నుమూసిరి.

ప్లీడరు మిత్రులలో ఆయన ఆత్మకథ 'నా జీవిత యాత్ర' చదువనివారుండినచో, ముందుగా రాజమహేంద్రవరపు ప్రకరణములే తెరువుడు. ఆ పురపాలక కక్షలు మన ఊరివే యనిపించును.